మంద్రంలో పాఠాలు: బేస్ గిటార్ సందేహాలు - సమాధానాలు

బేస్ గిటార్ నేర్చుకునేవారి నుంచి, నేర్పేవారి నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. పలువురు ఒకే సంగతి అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకుని జవాబు రాస్తున్నాను.

*

మాస్టారూ, మా అబ్బాయికి పదేళ్లు. స్కూల్ వార్షికోత్సవంలో పెద్ద పిల్లాడెవరో బేస్ గిటార్ వాయిస్తుంటే చూసి అప్పటి నుంచి అదే కావాలంటున్నాడు. ముందు రెండేళ్లు మామూలు గిటార్ నేర్చుకోవాలని, చేతులు చిన్నవి కాబట్టి బేస్ ఇప్పుడే పట్టలేడని మా ఊళ్లో గిటార్ నేర్పే ఆయన అన్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, విజయవాడ

అమ్మా, బాబు ఏది అడుగుతున్నాడో అదే ఇప్పించండి. రెండేళ్లు గిటార్ నేర్చుకుంటే గిటార్ వస్తుంది. బేస్ కోసం మళ్లీ మొదటి నుంచి చాలా సంగతులు నేర్చుకోవాలి. గిటార్‌లో లావుగా ఉండే నాలుగు తీగల పేర్లే బేస్ తీగలకూ ఉన్నాయి: ఇ, ఎ, డి, జి. అవే స్వరాలు ఒక స్థాయి కింద పలుకుతాయి. పోలిక దాదాపు అంతటితో సరి. గిటార్ పట్టిన పిల్లవాడు కార్డ్స్ పట్టడం, స్ట్రమ్మింగ్ చేయడం నేర్చుకుంటాడు. బేస్ పట్టినవాడు ఒక్క స్వరాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతసేపు నిలపాలో నేర్చుకుంటాడు.

గిటార్ నుంచి బేస్‌కు వచ్చినవాళ్లలో మహానుభావులున్నారు. అమెరికాలో కేరల్ కే అనే ఆవిడ గిటారిస్టు. 1963లో ఒక రికార్డింగ్‌కు బేసిస్టు రాకపోవడంతో బేస్ చేతిలోకి తీసుకున్నారు. ఆ తరవాత ఆ దేశపు సినిమా, పాప్ రికార్డింగులలో ఆవిడ వాయించని రకం లేదు. జాకో పాస్టోరియస్ డ్రమ్స్ నుంచి వచ్చాడు. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్‌సన్ నిలబెట్టి వాయించే డబుల్ బేస్ నుంచి వచ్చాడు. ఎవరి దారి వారిది. గిటార్ మీదుగానే రావాలన్న నియమం ఎక్కడా లేదు.

చేతుల సంగతి మాత్రం ఆ మాస్టారు సరిగ్గానే చెప్పారు, అయితే దానికి మార్గం ఉంది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ దగ్గర నుంచి ఎక్కువ బేస్‌లలో తీగ పలికే పొడవు 34 అంగుళాలు. దాని మీద నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కు దాదాపు 1.9 అంగుళాల దూరం. పదేళ్ల పిల్లవాడి వేళ్లకు అది కష్టమే. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లు దొరుకుతాయి. వాటిలో ఆ దూరం 1.7 అంగుళాల లోపే. పాల్ మెకార్ట్నీ చేతిలో కనిపించే వయొలిన్ ఆకారపు హాఫ్నర్ ఇలాంటిదే, కాబట్టి షార్ట్ స్కేల్‌ను పిల్లల బొమ్మ అనుకోవద్దు. కొనే ముందు బాబును కూర్చోబెట్టి మొదటి ఫ్రెట్ మీద చూపుడు వేలు పెట్టించండి. మోచెయ్యి పూర్తిగా చాచాల్సి వస్తే ఆ వాయిద్యం ఇంకా పెద్దదే. మొదటి ఆరు నెలలు అయిదో ఫ్రెట్ పైనుంచి నేర్పమని మాస్టారుకు చెప్పండి. అక్కడ ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి, వేళ్లు నొప్పి పుట్టకుండా కుదురుకుంటాయి.

*

సార్, నేను మూడేళ్లుగా మా చర్చిలో ఆరాధనకు బేస్ వాయిస్తున్నాను. వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. వేగం బాగానే ఉంది, ఫిల్స్ కూడా వస్తాయి. కానీ పాడేవాళ్లు "నీ బేస్ ఉంటే పాట బరువెక్కుతోంది, లేకపోతేనే హాయిగా ఉంది" అంటున్నారు. చాలా బాధేసింది. ఏం తప్పు చేస్తున్నాను?
- డిగ్రీ విద్యార్థి, తెనాలి

తమ్ముడూ, బాధపడకు. నీ వాయిద్యం గురించి ఇంత నిజాయతీగా చెప్పే గాయకులు దొరకడం మేలు. వాళ్ల మాటను బట్టి చూస్తే నీ స్వరాలు సరైన చోట మొదలవుతున్నాయి, ఆగాల్సిన చోట ఆగడం లేదు. వీడియోలలో నేర్చుకున్న చాలామందిలో నేను చూసేది ఇదే. వేలు ఎక్కడ పెట్టాలో వీడియోలో కనబడుతుంది. ఎప్పుడు తీయాలో కనబడదు.

ఇది చేసి చూడు. మెట్రోనోమ్ 60 మీద పెట్టు. ఎ తీగ మీద మూడో ఫ్రెట్, ఒక్క స్వరం. ప్రతి దెబ్బకూ ఒకసారి మీటు. మొదట స్వరం తరవాతి దెబ్బ దాకా నిలవాలి. తరవాత సగం దెబ్బకే ఆగాలి. ఆ పైన పావు దెబ్బకు ఆగాలి. ఆపడమంటే ఎడమ చేతి వేలు తీగను వదలకుండా నొక్కుడు మాత్రం సడలించడం. తీగ మీద వేలు తేలికగా ఆని ఉండాలి. పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగ మోగుతుంది. పది నిమిషాలు ఈ ఒక్క స్వరమే. విసుగొస్తే నీ ఫోన్‌లో రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌తో విను. మూడు రకాలూ మూడు వేరు పాటల్లా వినబడాలి. వినబడకపోతే ఇంకా ఆపడం రాలేదన్నమాట.

రెండోది, వాయించని తీగలు. డి తీగ మీటినప్పుడు కింద ఇ, ఎ తీగలు తమంత తాముగా కదిలి గుంయ్‌మంటాయి. గదిలో నీకు తెలియదు. చర్చిలో పెద్ద స్పీకర్ల మీద ఆ గుంయ్‌మనేదే పాటకు బరువు. కుడి చేతి బొటనవేలిని పికప్ మీద శాశ్వతంగా నాటేయకు. నువ్వు సన్న తీగల మీదికి వెళ్లేకొద్దీ బొటనవేలు కూడా జరుగుతూ లావు తీగల మీద ఆని వాటిని మూయాలి. మీటిన వేలు ఆగేది కూడా పక్క లావు తీగ మీదే. డి తీగ మీటిన వేలు ఎ తీగకు తగిలి ఆగితే ఆ తీగ మోగదు. సన్న తీగలను ఎడమ చేతి వేళ్ల అడుగు భాగం చూసుకుంటుంది.

మూడోది డ్రమ్మర్. వచ్చే ఆదివారం ఆరాధనకు అరగంట ముందు వెళ్లి డ్రమ్మర్ పక్కన కూర్చో. కిక్ ఎక్కడ పడుతోందో చూసి, అక్కడ మాత్రమే రూట్ స్వరం వాయించు. ఒక కీర్తన మొత్తం అలా వాయించు. ఫిల్స్ ఒక్కటీ వద్దు. చరణం నుంచి పల్లవికి తిరిగొచ్చేచోట మాత్రం ఒకే ఒక్క ఫిల్ వేసుకో. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటు అది, అక్కడ ఖాళీ ఉంటుంది. వాళ్లు పదాలు పలుకుతున్నప్పుడు ఫిల్ వేస్తే మాట వినబడదు. కీర్తనలో మాటే ముఖ్యం.

చర్చిలో వాయించే నీకు ఒక గొప్ప అవకాశం కూడా ఉంది. ఎవరో ఒకరు ఏ శ్రుతిలోనో పాట ఎత్తుకుంటారు, నువ్వు వెంటనే పట్టుకోవాలి. కీబోర్డ్ అన్నను అడగకుండా ఇ తీగ మీద ఆ శ్రుతిని వెదకడం అలవాటు చేసుకో. ఒకటి శ్రుతి ఎనిమిదో ఫ్రెట్, రెండు పదో ఫ్రెట్, అయిదు మూడో ఫ్రెట్, అయిదున్నర నాలుగో ఫ్రెట్. వాల్యూమ్ బాగా తగ్గించి వెదుకు, దొరికాక పెంచు. కార్పొరేట్ బ్యాండ్లలో ఏళ్లు గడిచినా రాని చెవి నీకు ఏడాదిలో వస్తుంది.

*

గురువుగారికి నమస్కారం. నేను రెండేళ్లుగా గిటార్, బేస్ నేర్పుతున్నాను. గిటార్ పిల్లలు నిలుస్తున్నారు. బేస్ పిల్లలు మాత్రం రెండు మూడు నెలలకే మానేస్తున్నారు. మేజర్ స్కేల్, ఫింగర్ ఎక్సర్‌సైజులు, తరవాత ఆర్పెజియోలు - ఈ వరుసలో చెబుతున్నాను. మీరు ఏ వరుసలో చెబుతారు?
- సంగీత ఉపాధ్యాయుడు, హన్మకొండ

మిత్రమా, మీరు చెప్పేవన్నీ అవసరమైనవే. అయితే గిటార్ పిల్లవాడు ఇంటికెళ్లి నాలుగు కార్డ్స్ మోగిస్తే అమ్మకు పాట వినబడుతుంది. బేస్ పిల్లవాడు ఇంట్లో ఒంటరిగా స్కేల్ వాయిస్తే ఎవరికీ ఏమీ వినబడదు, వాడికి కూడా. బేస్ మరొకరితో కలిసినప్పుడే సంగీతం అవుతుంది. అందుకని నా మొదటి పాఠంలోనే రెండో మనిషి ఉంటాడు. చాలాసార్లు ఆ రెండో మనిషిని నేనే.

మొదటి రోజు నేను బేస్ పట్టుకోను. కీబోర్డ్ దగ్గర కూర్చుంటాను. సి, ఇ, జి మూడు స్వరాలు కలిపి నొక్కి పట్టుకుని, విద్యార్థి చేత సి వాయింపిస్తాను. పాట ఇంటికి చేరినట్టు ఉంటుంది. నా చేతులు కదపకుండా, ఇప్పుడు ఎ వాయించమంటాను. పైనున్న మూడు స్వరాలూ అవే, కానీ ఆ కార్డ్ ఎ మైనర్ సెవెంత్ అయిపోయి గది అంతా దిగులుగా మారుతుంది. తరవాత ఇ, తరవాత ఎఫ్. ప్రతిసారీ "ఏం మారింది?" అని అడుగుతాను. పిల్లలు ఏ మాటల్లో చెప్పినా సరే, దిద్దను. తన ఒక్క వేలు మొత్తం పాట రంగు మార్చేసిందని వాడికి ఆ రోజే తెలియాలి. అది తెలిసినవాడు రెండో క్లాసుకు పరుగెత్తుకుని వస్తాడు. స్లాష్ కార్డ్ అనే మాట వాడు ఎప్పుడో పుస్తకంలో చూసినప్పుడు, అది మొదటి రోజు చేసిన పనేనని గుర్తుపడతాడు.

రెండో వారం నుంచి ఒక పూర్తి పాట. విద్యార్థికి ఇష్టమైన పాటే. అందులో బేస్ ఎంత కష్టంగా ఉన్నా ఫరవాలేదు, మనం రూట్ స్వరాలు మాత్రమే తీసుకుంటాం. నియమం ఒక్కటే: పల్లవి, మ్యూజిక్ బిట్, చరణం, మళ్లీ పల్లవి, చివరిదాకా ఆగకూడదు. తప్పు స్వరం వస్తే వెనక్కి వెళ్లి దిద్దుకోవడం నా క్లాసులో నిషేధం. వదిలేసి, తరవాతి ఆవర్తం మొదటి దెబ్బకు వచ్చి కలవాలి. గిటారిస్టు ఆగితే పాట నడుస్తుంది, బేసిస్టు ఆగితే పాట కూలుతుంది. పడి లేవడం మొదట్లోనే నేర్పాల్సిన విద్య. చాలామంది ఉపాధ్యాయులు ప్రతి తప్పు దగ్గరా ఆపేసి, పిల్లలకు ఆగడాన్నే అలవాటు చేస్తున్నారు.

మీరు పక్కన కూర్చుని అదే బేస్ లైన్ వాయిస్తూ నేర్పుతుంటే మానేయండి. విద్యార్థి స్వరం మీ స్వరం వెనక దాక్కుంటుంది. బాగా వాయించానని అనుకుంటాడు, ఇంటికెళ్తే రాదు. ఒకసారి వాయించి చూపండి, ఆ తరవాత బల్ల మీద దరువు వేయండి, లేదా పాట పాడండి. గొంతు బాగుండాల్సిన పనిలేదు.

స్కేల్స్ ఎప్పుడంటారా? పాటలో అవసరం పడినప్పుడు. రూట్ నుంచి రూట్‌కు వెళ్లేటప్పుడు మధ్యలో ఖాళీ ఉంటే, "ఇక్కడి నుంచి అక్కడికి మెట్లు ఎక్కుతూ వెళ్లు" అంటాను. ఏ మెట్లు ఉన్నాయో తెలియాలంటే స్కేల్ కావాలి. అడిగి నేర్చుకున్న స్కేల్ మరచిపోరు. వేళ్ల అమరిక దగ్గర మాత్రం నేను కఠినంగా ఉంటాను. కింది అయిదు ఫ్రెట్లలో ఫ్రెట్‌కు ఒక వేలు చొప్పున సాగదీయించను. డబుల్ బేస్ వాళ్ల పద్ధతి చెబుతాను: చూపుడు వేలు, నడిమి వేలు, ఆ తరవాత ఉంగరపు వేలూ చిటికెన వేలూ కలిపి ఒకటిగా. ఫ్రాంట్స్ సిమాండల్ పందొమ్మిదో శతాబ్దంలో రాసిన డబుల్ బేస్ పాఠ్యగ్రంథం నుంచి వచ్చిన పద్ధతి ఇది. మణికట్టుకు శ్రమ ఉండదు. అయిదో ఫ్రెట్ దాటాక ఫ్రెట్‌కు ఒక వేలు.

కాలప్రమాణానికి ఒక అభ్యాసం. పాట వేగం 80 అనుకోండి. మెట్రోనోమ్‌ను 40 మీద పెట్టి ఆ దెబ్బలను రెండోది, నాలుగోదిగా లెక్కపెట్టమనండి. ఒకటి, మూడు విద్యార్థి లోపల నుంచి రావాలి. అది కుదిరాక 20 మీద పెట్టండి. ఇప్పుడు నాలుగు దెబ్బలకు ఒక్కటే వినబడుతుంది. మెట్రోనోమ్‌ను పట్టుకుని నడిచే పిల్లవాడికీ, తనే మెట్రోనోమ్ అయిన పిల్లవాడికీ తేడా ఇక్కడ బయటపడుతుంది.

ఇక వినడం. క్లాసులో పావు వంతు సమయం వినడానికే కేటాయించండి. పాట వేసి, బేస్ ఏం చేస్తోందో గొంతుతో పాడమనండి. పాడలేనిది వాయించనివ్వను. మన పిల్లలకు ఇళయరాజా పాటలకన్నా మంచి పాఠం లేదు. ఆయన బేస్‌కు కూడా విడిగా స్వరం రాసిచ్చే సంగీతదర్శకుడు. వాటిని బేస్ మీద పలికించిన శశిధరన్ వాయిద్యంలో ఒక్క స్వరమూ వృథా కాదు. 'గీతాంజలి' (1989) పాటలు హెడ్‌ఫోన్స్‌లో వేసి వినిపించండి. గాయకుడు ఒక రాగం పాడుతుంటే కింద బేస్ మరో పాట పాడుతున్నట్టు ఉంటుంది, అయినా రెండూ ఒకదాన్నొకటి తోసుకోవు. ఆ పక్కనే మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' (1971) పాట వినిపించండి. అందులో బేస్ జేమర్‌సన్‌ది. ఆయన కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. మీ పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి. మూడు వేళ్లతో ఎంత వేగం వస్తుందని అడిగేవాళ్లకు అదే జవాబు.

*

నేను ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం, గాత్రం నేర్చుకున్నాను. ఇప్పుడు బేస్ మొదలుపెట్టాను. మా టీచర్ "అవన్నీ మరచిపో, ఇది వేరే ప్రపంచం" అంటున్నారు. నిజమేనా? గమకాలు బేస్ మీద పలుకుతాయా?
- విద్యార్థిని, రాజమహేంద్రవరం

మరచిపోవద్దమ్మా. నీ దగ్గర ఉన్నది చాలామంది బేసిస్టులు ఏళ్ల తరబడి వెదుక్కునే సంపద. సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడావు కదా? తాళం కదలకుండా స్వరాలను రెట్టింపు, మళ్లీ రెట్టింపు చేయడం నీకు వచ్చు. బేస్‌కు కావలసిన లయ శిక్షణ అదే. మాయామాళవగౌళనే బేస్ మీద వేసుకో. షడ్జమం ఎ తీగ మీద మూడో ఫ్రెట్ అనుకుంటే, ఆ తీగ మీద 3, 4. డి తీగ మీద 2, 3, 5. జి తీగ మీద 1, 4, 5. మెట్రోనోమ్ 50 మీద పెట్టి మూడు కాలాలూ వాయించు, గొంతుతో పాడుతూ. మూడో కాలంలో చూపుడు వేలు, నడిమి వేలు సమంగా మీటకపోతే వెంటనే తెలిసిపోతుంది. ఇంతకన్నా మంచి ఎక్సర్‌సైజ్ ఏ విదేశీ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. జంట స్వరాలైతే కుడి చేతికి ప్రత్యేకంగా రాసినట్టే ఉంటాయి.

గమకాల విషయంలో హద్దులున్నాయి. లావు తీగను పక్కకు లాగి కంపితం తేవడం కష్టం. ఫ్రెట్లు మెట్లుమెట్లుగా వినబడతాయి. జారు మాత్రం చక్కగా పలుకుతుంది. ఫ్రెట్లు లేని బేస్ మీద ఇంకా బాగా పలుకుతుంది. 1976లో వచ్చిన జాకో పాస్టోరియస్ తొలి ఆల్బమ్ వింటే ఫ్రెట్‌లెస్ బేస్ గొంతులా ఎలా పాడుతుందో అర్థమవుతుంది. అయినా మొదటి రెండేళ్లు ఫ్రెట్లున్నదే ఉంచుకో. నీ చెవి నమ్మకమైనదే, నీ వేళ్లకు ఇంకా దారి తెలియాలి.

నీకు అసలు పని గమకాల దగ్గర లేదు, రాగం కింద ఏ స్వరం పెట్టాలన్న దగ్గర ఉంది. మోహనం తీసుకో. అందులో మధ్యమం, నిషాదం లేవు. సి షడ్జమంగా పాట నడుస్తుంటే, అలవాటుగా ఎఫ్ కార్డ్ వేసేవాళ్లు చాలామంది. బేస్‌లో ఎఫ్ పలికిన క్షణమే రాగంలో లేని మధ్యమం గది అంతా నిండుతుంది. పైన గాయని ఎంత శుద్ధంగా పాడుతున్నా కింద రాగం చెదిరిపోతుంది. అదే చోట ఎ వాయిస్తే, దాని మీద నిలిచే ఎ, సి, ఇ మూడూ మోహనంలోవే. జి వాయించినా ఇబ్బంది లేదు, పైన కీబోర్డ్ వాళ్లు బి నొక్కకుండా జి, డి మాత్రమే పట్టుకుంటే. ఈ విచక్షణ నీకు పుట్టుకతో వచ్చినట్టు వస్తుంది, ఎందుకంటే రాగం నీ గొంతులో ఉంది. ఫ్యూజన్ కచేరీలలో నాకు బాధ కలిగించేది ఎప్పుడూ ఇదే: పైన రాగం, కింద దానితో సంబంధం లేని బేస్. నీలాంటివాళ్లు ఈ వాయిద్యం పట్టాలి.

*

స్లాప్ ఎప్పుడు నేర్పుతారు సార్? మా మాస్టారు ఏడాదిగా వాయిదా వేస్తున్నారు.
- ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

స్లాప్ ఎలా పుట్టిందో తెలిస్తే మీ మాస్టారు ఎందుకు ఆగమంటున్నారో తెలుస్తుంది. అమెరికాలో లారీ గ్రాహమ్ అనే కుర్రాడు వాళ్లమ్మ బృందంలో బేస్ వాయించేవాడు. ఆ బృందంలో డ్రమ్మర్ లేకుండా పోయాడు. కిక్ డ్రమ్ లోటు తీర్చడానికి బొటనవేలితో తీగను కొట్టడం, స్నేర్ లోటు తీర్చడానికి తీగను లాగి వదలడం మొదలుపెట్టాడు. అంటే అది డ్రమ్స్ తెలిసినవాడు బేస్ మీద చేసిన పని. కిక్, స్నేర్ ఎక్కడ పడుతున్నాయో నువ్వు నోటితో పలకగలిగిన రోజు స్లాప్ మొదలుపెట్టవచ్చు. ఏదైనా ఒక పాటకు డ్రమ్స్ మొత్తం నోటితో పలికి మీ మాస్టారుకు వినిపించు. ఆయన ఇక వాయిదా వేయరని నా నమ్మకం.

*

మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయికి హైదరాబాద్ టీచర్ దగ్గర ఆన్‌లైన్‌లో బేస్ నేర్పిస్తున్నాం, తెలుగు పాటలు వాయించాలని తన కోరిక. కానీ క్లాసులో ఇద్దరూ కలిసి వాయిస్తే అస్సలు కలవడం లేదు. నెట్ స్పీడ్ బాగానే ఉంది.
- ఒక తండ్రి, టెక్సస్

ఎంత మంచి నెట్ పెట్టించినా కలవదండీ. శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. ఒకే గదిలో పది అడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య తొమ్మిది మిల్లీసెకన్ల ఆలస్యం, మనకు తెలియదు. 30 మిల్లీసెకన్లు దాటితే కలిసి వాయించడం కష్టమవుతుంది. హైదరాబాద్‌కూ డాలస్‌కూ మధ్య వీడియో కాల్‌లో అంతకు ఎన్నో రెట్లు ఆలస్యం ఉంటుంది. కాబట్టి కలిసి వాయించే ప్రయత్నమే వద్దు. టీచర్ డ్రమ్స్, కీబోర్డ్ ఉన్న ట్రాక్‌ను ముందే పంపాలి. అమ్మాయి తన దగ్గర ఆ ట్రాక్‌తో వాయించి రికార్డింగ్ పంపాలి. క్లాసులో ఆ రికార్డింగ్ విని మాట్లాడుకోవాలి. ఇంకో సంగతి, టీచర్ వాయించింది ఫోన్ స్పీకర్ మీద వినవద్దు. బేస్‌లో ఖాళీ ఇ తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అంత మంద్రం ఫోన్ స్పీకర్ పలికించలేదు. పైనున్న అనుస్వరాలను బట్టి మన చెవి ఊహించుకుంటుంది, అంతే. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు.

వారానికి ఒకసారైనా అక్కడే ఎదురుగా ఉన్న మనిషితో వాయించే ఏర్పాటు చేయండి. స్కూల్ జాజ్ బ్యాండ్ ఉంటే అందులో చేర్చండి. తెలుగు పాట హైదరాబాద్ నుంచి నేర్చుకోవచ్చు, కలిసి వాయించడం మాత్రం గదిలో ఉన్నవారితోనే వస్తుంది.

*

నాకు 54 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం. ఈ వయసులో బేస్ మొదలుపెట్టాను. అరగంట వాయిస్తే మణికట్టు లాగేస్తోంది. మానేయాలా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

మానేయకండి, అరగంటను మూడు పది నిమిషాలుగా చేయండి. నిలబడినా కూర్చున్నా బేస్ ఒకే ఎత్తులో ఉండేట్టు స్ట్రాప్ బిగించండి, కూర్చున్నప్పుడు కూడా స్ట్రాప్ వేసుకోండి. ఫ్రెట్ కడ్డీకి ఆనుకుని, కొంచెం వెనకగా నొక్కితే సగం బలం చాలు. మధ్యలో నొక్కితే రెట్టింపు బలం పడుతుంది. తీగలు ఫ్రెట్ల నుంచి మరీ ఎత్తుగా ఉన్నాయేమో గిటార్లు బాగుచేసే వారికి చూపించి సెటప్ చేయించండి. ఆంప్ లేకుండా వాయించకండి. వినబడటం లేదని తెలియకుండానే గట్టిగా కొడతాం. వేళ్ల కొనలు మండటం మామూలే, కొన్ని వారాల్లో తగ్గుతుంది. తిమ్మిరి, రాత్రిళ్లు చెయ్యి మొద్దుబారడం ఉంటే మాత్రం వాయించడం ఆపి డాక్టరును కలవండి.

*

గ్రేడ్ పరీక్షలు రాయించాలా?
- పలువురు తల్లిదండ్రులు

ట్రినిటీ, రాక్‌స్కూల్ పరీక్షలు రెండూ మంచి క్రమాన్నిస్తాయి. పిల్లలకు గడువు ఉంటే సాధన చేస్తారు. అయితే ఏడాది పొడవునా పరీక్షకు కావలసిన మూడు పాటలే వాయించే పిల్లవాడు గ్రేడ్ 5 సర్టిఫికెట్‌తో వచ్చి, పుట్టినరోజు పాట ఏ శ్రుతిలో ఎత్తుకున్నా వాయించలేకపోతే ఆ సర్టిఫికెట్ అబద్ధం చెబుతున్నట్టే. ఒక గ్రేడ్‌కూ మరో గ్రేడ్‌కూ మధ్య కనీసం పది పాటలు చెవితో విని నేర్చుకోవాలని షరతు పెట్టండి.

*

మాది పలాస దగ్గర చిన్న ఊరు. బేస్ కొనుక్కున్నాను. ఇక్కడ బేస్ నేర్పేవాళ్లు లేరు, డ్రమ్మర్ కూడా లేడు. మీరు ఎప్పుడూ ఎవరితోనైనా కలిసి వాయించమంటారు. నేనేం చేయను?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

బాబూ, డ్రమ్ కిట్ లేకపోవచ్చు గానీ దరువు లేని ఊరు మన దగ్గర లేదు. భజన మందిరంలో డోలక్ వాయించే పెద్దాయన ఉంటాడు, చర్చిలో తబలా ఉంటుంది, పెళ్లిళ్లకు డప్పు వచ్చి తీరుతుంది. డోలక్‌లో ఎడమ వైపు పలికే గుమ్మనే దెబ్బే నీ కిక్ డ్రమ్. ఆయన దగ్గరకెళ్లి కూర్చో. ఏం వాయించాలో తెలియకపోతే భజన శ్రుతి కనుక్కుని ఆ ఒక్క షడ్జమాన్నే ఎడమ దెబ్బ పడినప్పుడల్లా మీటు. రెండు మూడు భజనలయ్యాక పంచమం కూడా కలుపు. ఆయన వేగం పెంచితే పెంచు, ఆపితే ఆపు, ఆయన చేతుల మీది నుంచి చూపు తిప్పకు. చిన్న ఆంప్ చాలు. వాల్యూమ్ డోలక్ కంటే తక్కువే ఉండాలి.

నీకు పుస్తకం, వీడియో, గురువు తరవాతైనా దొరుకుతాయి. ముందు ఆ డోలక్ ఆయన్ని వచ్చే భజన లోపలే కలువు. ఏ శ్రుతిలో ఏం వాయించావో రికార్డు చేసి పంపితే, విని జవాబు రాస్తాను.